నక్కకు చిన్న తూటా

రిఫా నుంచి సీఫ్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాయనది నిజామాబాద్ వైపు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు కఫీల్ తోటలో గుర్రాలను చూసుకుంటాడట. నక్కలు కోళ్లను ఎత్తుకుపోతుంటే, ఏ రైఫిల్ కొనాలని కఫీల్ ఆయన్నే అడిగాడట.

"పెద్దదైతే దూరంకెల్లే కొట్టొచ్చు సార్. గని ఆ సప్పుడుకు సూడి గుర్రాలు బెదురుతయి. పాయింట్ టూటూ రైఫిల్ చాలని చెప్పిన. సన్న తూటా, సప్పుడు తక్కువ."

"చిన్న తూటా అయితే నక్క బాగా దగ్గరికి రావాలి కదండీ?"

"పిలిస్తే వస్తది సార్."

చేతి వెనకవైపు పెదవులు ఆనించి గాలి పీల్చాడు. దెబ్బతిన్న కుందేలు సన్నగా ఏడ్చినట్టు వినిపించింది. డ్రైవర్ అద్దంలోకి చూశాడు. అక్కడ కుందేలు లేదని తెలిసి కూడా, నేను ఆ చేతి మీదికి వంగిపోయి ఉన్నాను.