గ్రామఫోనుకు ఊ కొట్టిన అవ్వ

మొన్న మనుమరాలు ఫోన్ల ఒక కథల పుస్తకం పెట్టిచ్చింది. ఆ ఫోనే పైకి చదువుతుంటె నేను మాటమాటకు “ఊ” అంటున్న. “దానికి నీ ఊ వినవడదే అవ్వా!” అని పిల్ల ఒకటే నవ్వుడు. నవ్వనీ. పుస్తకం నోరు తెరిచి మాట్లాడుడు నేను తొమ్మిదేండ్ల పిల్లగ ఉన్నప్పుడే చూసిన, నైజాం జమానల.

కామారెడ్డిల మా ఇల్లు. పగటి బువ్వలైనంక మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, అర్రల కూసోని పురాణం చదువుతుండె. వాళ్ల నాయిన ఆమెకు అక్షరాలు నేర్పిండట. వాడకట్టు ఆడోళ్లంత వచ్చి వింటుండ్రి. వినేటోళ్లు ఊ కొట్టాలె, కొట్టకుంటె కథ ఆగుతది. అది మా అవ్వ కట్టడి.

కండ్లకు పొర కమ్మినంక అవ్వ పుస్తకాన్ని బట్టల చుట్టి సందూకల పెట్టేసింది. “నోటికొచ్చు గదా, చెప్పరాదూ” అని అమ్మలక్కలు ఎంత బతిమిలాడినా వినలే. పుస్తకం ముంగట లేకుంట పురాణం చెప్తె, మాట తప్పితె, పాపమట. వాళ్ల నాయిన మాట. చదివి వినిపిద్దమంటె మా ఇంట్ల ఎవలున్నరు? బాపుకు దస్తఖతు మట్టుకే వచ్చు, అన్నల బడి చదువంత ఉర్దూ, నాకు బడే లేదు. కథల యాళ్లకు అవ్వ గోడ దిక్కు మొకం పెట్టుకొని కూసుంటుండె. చూస్తె నా పానం గుంజేది.

ఎల్లారెడ్డి కచ్చేరిల నౌకరి చేసే మా చిన్నబాపు ఇది చూడలేక పట్నంల ఒక గ్రామఫోను కొని, ఎడ్లబండిల వేసుకొచ్చిండు. పాటల ప్లేట్లు ఉంటయని విన్నం గని, కథ చెప్పే ప్లేట్లు ఉంటయని ఎవలికెరుక? బొంతల చుట్టి నాలుగు తెచ్చిండు. అడవిల తప్పిపోయిన కొడుకును ఎతుక్కుంట పోయే రాణి కథ. అవ్వ ఎన్నోమార్లు చదివిన కథనే. విప్పి చూస్తె ఆఖరు ప్లేటు రెండు ముక్కలై ఉన్నది. చిన్నబాపు మొకం మాడిపాయె. అవ్వకు చెప్పొద్దని మాకు సైగ చేసిండు.

చావి తిప్పి ముల్లు పెట్టిండు. ముందుగాల బరబర. ఆ తర్వాత మనిషి గొంతు! అబ్బో, నా ఒళ్లంత జలదరించింది. ఇంత పెట్టెల మనిషి పడ్తడా? బూర ఎనుకకు పోయి చూసొచ్చిన. ఎవలు లేరు. అమ్మయితే కొంగు సవరించుకొని తలుపు చాటుకు జరిగింది, పరాయి మగాయన గొంతాయె! అవ్వ మట్టుకు నిటారుగ కూసోని “ఊ” అన్నది. ఇంకో మాటకు ఇంకో “ఊ”.

జరసేపటికి ప్లేటు అయిపోయింది, గొంతు ఆగింది. అవ్వకు మా మీద కోపమొచ్చింది.

“నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నరా? ఒక్కలన్న ఊ కొట్టరాయె! చెప్పేటాయన అలగడా?”

చిన్నబాపు నవ్వాపుకొని ప్లేటు మర్లేసిండు. ఇగ ఇల్లంత ఒక్కటే ఊ. ప్లేటు మీద ప్లేటు నడుస్తుంటె అవ్వ మొకం వెలుగుకొచ్చింది. ఎన్నాళ్లకు చూసిన్నో ఆ మొకాన్ని!

మూడో ప్లేటు ఆగేటాళ్లకు రాణి వాగు ఒడ్డుకు చేరింది. ఇసుకల పసిపిల్లగాని అడుగులు చూసింది. అంతే, పెట్టె ఆగింది. మేం గొంతులు పోయేటట్టు ఊ కొట్టినం.

“చెప్పమనురా” అన్నది అవ్వ.

చిన్నబాపు తల వంచుకున్నడు. “ఆఖరు ప్లేటు బండిల పలిగింది అవ్వా. తల్లికొడుకులు కలిసేది అండ్లనే ఉండె.”

అవ్వ చెయ్యి చాపి పెట్టెను తడిమింది.

“కొడుకా, ఈ పెట్టెకు కండ్లున్నయా?”

“లేవవ్వా.”

“ముంగట పుస్తకమున్నదా?”

“లేదవ్వా.”

“మరి దానికి లేని పాపం నాకెక్కడిదిరా!”

వాగు ఒడ్డు కాన్నుంచే ఎత్తుకున్నది. ఒక్క మాట తడబడలే. పుస్తకమంత ఆమె గొంతులనే ఉన్నది! నేను నోరు తెరుచుకొని చూస్తున్న, కండ్లల్ల నీళ్లు వాటంతట అవే కారుతున్నయి. ఇంట్ల ఉలుకు లేదు, పలుకు లేదు. రాణి చేతులు చాపిందో లేదో, అవ్వ టక్కున ఆగింది.

“ఏందే, ఊ కొట్టరు? నాకు గూడ చావి తిప్పాల్నా?”