అత్తకు కనిపించని నటుడు

పోయిన నెల ఒక శనివారం పొద్దున కోదాడలో కాలేజీ బస్సు కోసం నిలబడి ఉండగా మిర్యాలగూడ నుంచి మామయ్య ఫోన్ చేశాడు. "మీ అత్త పోయిందమ్మా" అన్నాడు. నేనేమీ అడగలేదు. అడగాల్సినవి అడగాల్సినప్పుడు అడగలేదన్న సంగతి అప్పటికే నాకు తెలుసు.

నా సినిమా పేజీ చదివే మీకు ఆమె కొత్త కాదు. "మా అత్త మాట" అంటూ నేను రాసినవన్నీ మా మేనత్త అన్నవే. మిర్యాలగూడలో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టింది. కొత్త సినిమా వస్తే మిషన్ మీద గుడ్డ కప్పేసి నాకు ఫోన్ చేసేది. అక్కడ ఆడకపోతే సూర్యాపేట, అక్కడా లేకపోతే కోదాడ. ఆమె చూపు ముందుగా బట్టల మీదే పడేది. ఇస్త్రీ మడత చెదరని చీరలో నాట్లు వేసే హీరోయిన్‌ను అస్సలు క్షమించేది కాదు. ఈమధ్య వచ్చే రెండు భాగాల సినిమాలంటే మరీ మంట. సగం కుట్టిన జాకెట్‌ను పెళ్లికి తొడుక్కోమన్నట్టు ఉందనేది.

పోయిన ఏడాది హోటల్లో గిన్నెలు తోమే మనిషి కథతో ఒక చిన్న సినిమా వచ్చింది. అందులో ముసలి అత్తగారి వేషం వేసినామెకు ఏ అవార్డూ రాలేదు. మా అత్త రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. "ఆమె ఏడ్వలేదు గద. ఏడుపు ఆపుకునుడు ఎవలకు కనబడ్తది?" అంది చివరికి. నాకు సినిమా చూడటం నేర్పింది అలాంటి మాటలే. అందుకే ఆ తర్వాత ఆమె ఏమన్నా అందులో ఏదో లోతు ఉందనుకున్నాను.

ఎండాకాలంలో సూర్యాపేటలో ఒక తండ్రీకూతుళ్ల సినిమా చూశాం. వంటింట్లో కూతురు తండ్రితో పోట్లాడే సీను చాలాసేపు నడుస్తుంది. కూతురు పొయ్యి దగ్గర, తెరకు కుడివైపు. తండ్రి ఎడమవైపు గుమ్మంలో, నోరు విప్పకుండా. సినిమా అంతా ఆయన్ని ఇంచుమించు అలా ఎడమ అంచునే నిలబెట్టారు. బయటికి వచ్చాక అత్త, "గా పిల్ల ఎవలతోని మాట్లాడుతున్నట్టు? గోడతోనా?" అంది. ఇంట్లో ఉన్నా లేనట్టే ఉండే తండ్రి గురించి ఒక్క ముక్కలో తేల్చేసిందని నేను పేజీలో రాశాను. మీలో చాలామంది మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను.

ఆ రోజే హాలు తలుపుకు ఆమె ఎడమ భుజం గట్టిగా కొట్టుకుంది. ఈ సినిమాలన్నీ చీకట్లో తీస్తున్నారని, కళ్లు పాడవుతున్నాయని తిట్టుకుంది. నిజమే కదా అన్నాను. తలనొప్పి వస్తే హాల్లో ఆ మోతల వల్లే అంది. అదీ నిజమే అన్నాను. ఆ నెల నాకు కుట్టిన జాకెట్‌కు ఎడమ చేతి అంచు మడవలేదు. చూపిస్తే వేళ్లతో తడిమి, కుట్టాననే అనుకున్నానని చెప్పి చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుంది. వయసని నవ్వేశాను.

వానాకాలంలో అవార్డులు ప్రకటించారు. మధ్యాహ్నం అత్తా మామయ్యా నేనూ టీవీ ముందు కూర్చున్నాం. సూర్యాపేటలో చూసిన సినిమాలో తండ్రి వేషం వేసిన నటుడికి అవార్డు వచ్చింది. "ఆయన ఏడున్నడు ఆ సినిమాల?" అంది అత్త. మామయ్య పగలబడి నవ్వాడు. నేను అప్పుడే ఆ మాటను పేజీలో పెట్టడానికి ఫోన్ తీశాను.

అత్త నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"కోడలా, నేను నవ్వులాటకు అంటలేను. నిజంగ ఆయన ఉన్నడా ఆ సినిమాల?"

మామయ్య నవ్వు ఆగిపోయింది. టీవీలో చప్పట్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి.

మర్నాడే హైదరాబాద్ తీసుకెళ్లాం. తలలో కుడివైపు గడ్డ. దానివల్లే ఎడమవైపు ఏదున్నా ఆమెకు తెలియడం లేదని డాక్టర్ చెప్పాడు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగాడు. తేదీలన్నీ నా పేజీలోనే ఉన్నాయి.

దవాఖానలో ఉండగా ఆ సినిమా మళ్లీ చూపించమంది. ఫోన్‌ను ఆమెకు కుడివైపు పట్టుకున్నాను. వంటింటి సీను రాగానే మెడ మెల్లగా తిప్పి వెతికింది. "అగో, ఉన్నడు" అంది. ఆ తర్వాత ఆయన్నే చూసింది. "మంచిగ చేసిండు. ఉత్తగనే తప్పువట్టిన. నీ పేజీల రాయి" అంది. రాస్తానన్నాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆయనకు అవార్డు న్యాయంగానే వచ్చింది. పొరపాటు మా అత్తది కాదు, నాది.

సినిమా అయిపోయాక ఆపబోతే వద్దంది. బట్టలు ఎవరు కుట్టారో చూడాలట. చిన్న అక్షరాల్లో పేర్లు పైకి పోతున్నాయి. ఆమె వేలు వాటిని అందుకోబోతోంది. పెదవులు కదులుతుంటే దగ్గరికి వంగి విన్నాను. ప్రతి పేరులోనూ చివరి అక్షరాలు మాత్రమే చదువుతోంది.