వదిన రాసిన ఐదున్నర

ఆడపడుచు వదినను పొగిడితే అందులో ఏదో మతలబు ఉందంటారు. ఉంటే ఉండనివ్వండి. మా వదిన గురించి నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. ఆమె అయితే అసలే చెప్పుకోదు.

బడి వెనకున్న పొడవాటి గదిని పన్నెండేళ్లుగా ఆమే చూసుకుంటోంది. మూడున్నరకు బడి వదిలాక, పనులకెళ్లే తల్లిదండ్రుల పిల్లలు అక్కడికి వస్తారు. మోకాలెత్తున కుళాయిలు, ఒక మూల చాపలు, ఇంకో మూల హోంవర్కు బల్లలు, కిటికీ కింద పసివాళ్లకు నాలుగు ఉయ్యాలలు. వారానికోసారి నర్సు వచ్చి పసివాళ్ల బరువు చూస్తుంది. తల్లులకు ఫారాలు నింపిపెట్టడం, ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లివ్వడం కూడా వదిన పనే. పిల్లలకే కాదు, పెద్దలకూ ఆమె పిన్నే. మా అన్నయ్యను అందరూ 'పిన్నిగారి ఆయన' అంటారు. పాపం, ఆయనకీ ఒక ఉద్యోగం ఉందని ఎవరికీ గుర్తుండదు.

వదిన ముక్కుసూటి మనిషి. ఒక్క విషయంలో మాత్రం అబద్ధాలకోరు. గది ఏడున్నర దాకా తెరిచే ఉంటుంది. కానీ ఐదున్నర దాటి పిల్లల్ని తీసుకెళ్తే, ఆ సమయాన్నీ కారణాన్నీ రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలి. "కష్టపడి వచ్చిన తల్లికి ఎర్ర సిరా ఏంటి, తప్పు చేసినట్టు!" అని ఆమె అందరికీ నీలం సిరాతో ఐదున్నరే రాసేది. కుట్టు యూనిట్ నుంచి నా కూతురి కోసం రోజూ ఏడింటికి వచ్చే నాకు కూడా.

కొత్తగా వచ్చిన పర్యవేక్షకురాలు రిజిస్టరు తిరగేసింది. "ఐదున్నర తర్వాత ఒక్కరూ ఉండట్లేదుగా. వచ్చే నెల నుంచి అప్పుడే తాళం వేసేయండి" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "చేతులారా చేశావు కదా వదినా! ఇప్పుడు నేను పని మానేసి ఇంట్లో కూర్చోవాలా?"

"నిజం చెప్పేస్తాలే."

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. గది ఉండాలి" అంది, చాప దులుపుతూ.

నేను ఊరుకుంటానా? తల్లిదండ్రులందరి చెవినా వేశాను.

శుక్రవారం పర్యవేక్షకురాలు మళ్లీ వచ్చింది. అక్కడ జరిగింది తర్వాత బస్సు కండక్టరు చెప్పాడు. అతను వచ్చేలోపు జరిగింది అతనికి అక్కడే ఉండే తన కవల పిల్లలు చెప్పారట. వదిన నిలబడి, తాను రాసినవన్నీ దొంగ సమయాలని చెప్పేసిందట. "ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎలా నమ్మాలి?" అని అడిగిందట ఆవిడ. "కూర్చోండి, మీకే తెలుస్తుంది" అందట వదిన.

ఆవిడ పిల్లల కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. ఐదున్నర అయింది. ఇరవై ముగ్గురిలో నలుగురే వెళ్లారు. ఆరింటికి వచ్చిన కండక్టరు తానే ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాడు. కారణం గడిలో 'ప్రయాణికులందరూ దిగాకే నేను దిగాలి' అని రాశాడు. ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ 'వార్డు పెద్దది' అని రాసింది. ఎప్పుడూ తలదించుకుని పిల్లను తీసుకెళ్లే ఆమె, ఆ రోజు పర్యవేక్షకురాలి ముఖంలోకి సూటిగా చూసింది.

నేను వెళ్లేసరికి పేజీ అంతా ఎర్రగా ఉంది. ఏడూ అయిదు అని రాశాను. కారణం గడిలో ఏం రాయాలో తోచలేదు. చివరికి 'ఇక్కడ మా వదిన ఉందన్న ధైర్యం' అని రాశాను. పర్యవేక్షకురాలు అది చదివి రిజిస్టరు మూసింది.

తర్వాతి వారం రెండు ఉత్తరాలు వచ్చాయి. గది ఏడున్నర దాకా ఉంటుందని ఒకటి. తప్పుడు సమయాలు రాసినందుకు వదినను మందలిస్తూ రెండోది. పన్నెండేళ్లలో ఆమె పని గురించి ఆఫీసు రాసిన మొదటి కాగితం అదే. ఇక మీదట ఉన్నదున్నట్టు రాస్తానని సంతకం పెట్టి, ఆ ఉత్తరం నకలు నాకిచ్చి "పారేయ్" అంది.

నేనా, పారేయడమా! బీరువాలో దాచాను. నా కూతురు పెద్దదై, తన బిడ్డను ఒకరి చేతికిచ్చి మొదటిసారి పనికి వెళ్లే రోజున చదివిస్తాను. తననెవరు పెంచారో దానికి తెలియాలి.