పది తీసేయాలి

ఆమె సంచిలో అన్నం డబ్బా ఉన్నా లేకపోయినా కొలత టేపు మాత్రం ఉంటుంది. దాని మొదటి పది సెంటీమీటర్ల అంకెలు అరిగిపోయాయి. పది దగ్గర పట్టుకుని కొలిచి, చివర్లో ఆ పదీ తీసేయాలని నాలుగేళ్ల సివిల్ ఇంజనీరింగ్‌లో ఎవరూ చెప్పలేదు. రెండు ఇంటర్న్‌షిప్పుల్లో మేస్త్రీలు చెప్పారు.

ఆదివారాలు వీధి చివరి గ్రంథాలయంలో ఊరికే పనిచేస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చే తన చిన్ననాటి టీచరమ్మ ఏడాదిగా గుమ్మం బయటే ఆగిపోతోందని అక్కడ ర్యాంపు తలపెట్టింది. మెట్ల ఎత్తు నలభై ఐదు సెంటీమీటర్లని మేస్త్రీకి రాసిచ్చింది. సిమెంటు కలిపాక మేస్త్రీ దారం కట్టి చూసి ఆగాడు.

"ఏమ్మా ఇంజనీరూ, ఇది గుమ్మం కంటే బెత్తెడు పైకి పోతోంది. టీచరమ్మను ఎగిరి దూకమంటావా?"

"పది తీసెయ్యడం మర్చిపోయాను, బాబాయ్."

"తీసివేతలు నీకు రెండో తరగతిలోనే చెప్పాను కదే!" అంది కుర్చీలోంచి టీచరమ్మ.

శిష్యురాలు ర్యాంపు అచ్చుకు కట్టిన చెక్కలు ఊడదీసి, సిమెంటు బిగుసుకునేలోపు మళ్లీ బిగించింది. వారం తర్వాత టీచరమ్మ ఎవరూ తోయకుండానే లోపలికి వెళ్లింది.

ఉద్యోగ దరఖాస్తులో 'సొంతంగా చేసిన పనులు' అన్నచోట ఆమె ఒక్క వరుసే రాసింది: ర్యాంపు, ఎత్తు ముప్పై ఐదు సెంటీమీటర్లు.