చైనా ఫైలు కోసం కొట్టేసిన పేరు

చైనా వెళ్లొచ్చారట కదా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. వెళ్లలేదు. వెళ్లడానికి తయారవడం మాత్రం రెండేళ్లు సాగింది. ఆ రెండేళ్లలో ఎవరెవరి మీద ఎంత కోపం వచ్చిందో చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

మాది సూరత్. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి పర్వత్ పాటియా దగ్గర ఒక గదిలో దిగాడు. నేను అక్కడే పుట్టి, అక్కడి తెలుగు మాధ్యమంలో చదివి, చివరికి ఆ బడిలోనే టీచర్నయ్యాను. మా దగ్గర చదివేది పవర్‌లూమ్ కార్మికుల పిల్లలు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కిరాణా కొట్లో గుజరాతీ మాట్లాడతారు. ఊళ్లో పెళ్లో చావో వస్తే తల్లిదండ్రులతో పాటు పోతారు, రెండు మూడు నెలలకు తిరిగొస్తారు. వచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి.

కరోనాకు ముందు చలికాలంలో ఒక ఉపాధ్యాయ సంఘం వాళ్లు చైనాలో చదువులు ఎలా చెబుతున్నారో చూసి రావడానికి టీచర్లను ఎంపిక చేస్తున్నారని తెలిసింది. అక్కడ తెలుసుకోదలచిన ప్రశ్న ఒకటి రాసి పంపాలన్నారు. నాకు ఏం తోచక ఆరో తరగతి పిల్లల్నే అడిగాను, వాళ్లనేమడగమంటారర్రా అని. ఒకడు గోడ ఎంత పొడుగుందో అడగమన్నాడు. చివరి బెంచీలో కూర్చునే ఒక పొడుగాటి పిల్ల లేచి నిలబడింది.

"మేడమ్, ఆడ గూడ ఊరికి పోయొస్తే మళ్ల కింది తరగతిలనే కూసోపెడతరా?"

అంతకు ముందు ఏడు నానమ్మ పోతే ఊరెళ్లి నాలుగు నెలలుండి వచ్చిందని ఆ పిల్లను మళ్లీ ఐదులోనే కూర్చోబెట్టారు. ఆ మాటనే నేను 'పారిశ్రామిక నగరాల్లో వలస కార్మికుల పిల్లల విద్యా కొనసాగింపు' అని పెద్ద పెద్ద మాటల్లోకి మార్చి పంపాను. ఎంపికయ్యాను. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

తయారీ సమావేశాలు రింగ్ రోడ్‌లో బట్టల మార్కెట్ల వెనక ఒక హోటల్లో పెట్టారు. నేను బుద్ధిగా నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. మొదటి రోజు గంటన్నర సేపు కరకరలాడే ఖాఖ్రా రొట్టెల మీదే నడిచింది. ఎవరు ఎన్ని ప్యాకెట్లు తేవాలి, థేప్లాలు ఎన్నాళ్లు నిలవుంటాయి, జైనుల తిండికి వేరే సంచీ పెట్టాలా అని. రెండో రోజు పుల్లలతో నూడుల్స్ తినడం నేర్పారు, అదీ ఉల్లి, వెల్లుల్లి లేని నూడుల్స్. మూడో రోజు ఆడవాళ్లంతా ఒకే రకం చీర కట్టాలని మార్కెట్‌కు తోలుకెళ్లారు. ఏ బడి చూస్తాం, ఏం అడుగుతాం అని నేను నోరు తెరిస్తే, అబ్బ, మొదలెట్టింది అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

సంఘం కార్యదర్శి ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. నన్ను పక్కకు పిలిచి, మనం అతిథులం, వాళ్లింటికి వెళ్లి వాళ్ల పేదవాళ్ల సంగతి అడగడం మర్యాద కాదు, స్మార్ట్ బోర్డుల గురించి అడగండి అని చెప్పింది. మరి ఈ ప్రశ్న చూసే కదా నన్ను ఎంపిక చేశారు అన్నాను. ఆవిడ నవ్వి నా భుజం తట్టింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికెళ్లాక ఎవరు ఆపుతారో చూస్తాను, ఆ ప్రశ్నే అడుగుతానని ఇంటికొచ్చి మా ఆయన దగ్గర రంకెలేశాను.

ఇంకో రెండు నెలల్లో ప్రయాణమనగా కరోనా వచ్చిపడింది. చైనా మాట ఎత్తితేనే జనం దూరం జరిగే రోజులు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది, ఆ రోగం నేనే సంచీలో వేసుకొచ్చినట్టు. నేనింకా బయల్దేరనే లేదు మహాప్రభో అని చెప్పుకోవలసి వచ్చింది.

తర్వాత లాక్‌డౌన్. మగ్గాలు ఆగిపోయాయి. సేఠ్‌లు కొన్నాళ్లు బియ్యం, పిండి ఇచ్చారు, తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. మా పిల్లల తల్లిదండ్రులు ఏ బస్సు దొరికితే ఆ బస్సు, ఏ రైలు వస్తే ఆ రైలు ఎక్కి ఊళ్లకు పోయారు. మమ్మల్నేమో ఫోన్లో పాఠాలు చెప్పమన్నారు, దానికీ హాజరు వేయమన్నారు. ఇంటికి ఒక్క ఫోను ఉంటే అది తండ్రి జేబులో ఉంటుందని పైవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఆ పొడుగు పిల్ల కొన్ని నెలలు ఊరి నుంచే లెక్కలు చేసి ఫొటోలు పంపింది. తర్వాత అదీ ఆగిపోయింది.

రెండో ఏడాది కార్యదర్శి ఫోను చేసింది. చైనా యాత్రను ఆన్‌లైన్‌లో పెడుతున్నారట. వలస కార్మికుల విషయం ఇప్పుడు అందరి నోటా నలుగుతోంది కాబట్టి నా ప్రశ్నే ముందు పెడతారట. నిన్నటిదాకా మర్యాద కాని ప్రశ్న ఒక్కసారిగా ముద్దొచ్చింది వాళ్లకు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది గానీ, నిజం చెప్పొద్దూ, సంతోషమూ వేసింది. మా బడి గురించి ఒక ఫైలు పంపాలంది. ఎంతమంది పిల్లలు, హాజరు ఎంత, వలస పిల్లలను మేము ఎలా చూసుకుంటాం అన్నవి అందులో ఉండాలి.

మా హెడ్‌మాస్టరును అందరం సాహెబ్ అంటాం, ఆయన టీచరమ్మలను బెన్ అంటాడు. ఆయన నా హాజరు పుస్తకం తిరగేశాడు. ముప్ఫై తొమ్మిది పేర్లలో పదకొండుమంది ఊళ్లోనే ఉన్నారు, వాళ్లకు నెలల తరబడి సున్నాలే. ఇంత తక్కువ హాజరు విదేశం వాళ్లకు చూపిస్తే బడి పరువేం కాను బెన్, నామ్ కమీ చేసేయండి అన్నాడు. బడి నుంచి పేరు కొట్టేయడాన్ని ఇక్కడ నామ్ కమీ అంటారు. బడికే తాళం వేసి ఉంటే పిల్లలు రాలేదని పేరెలా కొట్టేస్తాం అన్నాను. తిరిగొస్తే మళ్లీ రాసుకుందాం అన్నాడు.

నాలుగు మాటలు వాదించాను. ఐదో మాట అనలేదు. ఎందుకంటే ఆ ఫైలు నాది. ఎర్ర పెన్నూ స్కేలూ తీసి పదకొండు పేర్ల మీద గీతలు నేనే గీశాను. గీతలు వంకర పోకుండా జాగ్రత్త కూడా పడ్డాను. హాజరు ఎంత బాగా పెరిగిందో చూసుకుని ఫైలు పంపించాను.

కరోనా రెండో అల తగ్గి ఆరు నుంచి ఎనిమిది తరగతులు తెరిచిన వారంలోనే ఆ పిల్ల తల్లితో వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఇంకా పొడుగైంది. పాత యూనిఫాం చేతులు పొట్టివైపోయి, అంచులు విప్పి కుట్టుకుంది. ఎనిమిదిలో కూర్చోవలసిన పిల్ల. పుస్తకంలో పేరు లేదు.

సాహెబ్ దగ్గరికి వెళ్లి మళ్లీ రాయమన్నాను. ఫైలు వెళ్లిపోయింది బెన్, ఇప్పుడు ఒక్క పేరు చేరిస్తే మిగతా పదిమంది తల్లిదండ్రులూ వస్తారు, లెక్కలు కలవవు, మీ కార్యక్రమం కానివ్వండి, మర్నాడే రాద్దాం అన్నాడు. పోనీ పేరు లేకుండానే కూర్చోబెడతానంటే, కరోనా రోజులు, పిల్లకేమైనా అయితే ఎవరు జవాబు చెబుతారన్నాడు. ఎనిమిదో తరగతి దాకా ఏ కాగితం లేదనీ ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదని చట్టం ఉంది. ఆ చట్టం మీద జరిగిన శిక్షణకు ఆయనా నేనూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లమే. ఇద్దరికీ తెలిసిందే, తెలియనట్టు మాకు మేమే దాచుకున్నాం.

నేను బయటికొచ్చి తల్లితో, రెండు వారాలు ఆగమ్మా, నా చైనా పని ఒకటుంది, అది కాగానే చేర్చుకుంటానని చెప్పాను. ఆమె తల ఊపింది గానీ కదల్లేదు.

"రేపు బడి అంటె రేపే తోలుత మేడమ్. ఖాళీగ ఇంట్ల కూసుంటె మాత్రం వాళ్ల నాయిన ఖాతాకు తోల్కపోతడు. ఒక్కపారి పనికి వోతె మళ్ల రానియ్యడు."

ఖాతా అంటే మగ్గాల షెడ్డు. మా అమ్మ నన్ను చంకనేసుకుని అలాంటి షెడ్డులోనే కండెలు చుట్టింది. ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. అన్నీ అర్థమయ్యే, రెండే వారాలు కదమ్మా అన్నాను. ఆ పిల్ల మాత్రం వాళ్లమ్మ చెయ్యి లాగి, మేడమ్ చెప్తున్నరు గద, పోదాం అంది.

ఆ రెండు వారాలూ నేను అద్దం ముందు ఇంగ్లీషు మాటలు ప్రాక్టీసు చేశాను. నవ్వుతూ పలకరించడం, చైనా భాషలో నమస్కారం పెట్టడం నేర్చుకున్నాను. రెండేళ్ల కిందటి చీర ఇస్త్రీ చేయించి కట్టుకున్నాను. సాహెబ్ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వెనక గోడకు పిల్లల బొమ్మలు అంటించాడు. అందులో మూడు బొమ్మలు నామ్ కమీ అయిన పిల్లలు వేసినవే.

అవతల ఒక చైనా టీచరమ్మ, పక్కన ఒక దుబాసీ. టీచరమ్మది కూడా బట్టల మిల్లుల ఊరేనట. నా ప్రశ్న వినగానే ఆమె కాగితాలు పక్కన పెట్టేసి మాట్లాడింది. పనికోసం వచ్చినవాళ్ల పిల్లలకు తమ దగ్గరా చిక్కులున్నాయనీ, పిల్ల ఏ ఊరి లెక్కలో ఉందో ఆ ఊరే చూసుకోవాలని అంటుంటారనీ, చాలామందిని ఊళ్లో తాతల దగ్గర వదిలి వస్తారనీ చెప్పింది. అంత నిజం చెబుతుందని మా వాళ్లెవరూ అనుకోలేదు. చివర్లో ఆమె, మీ బడిలో ఏం చేస్తారని అడిగింది.

ముందు చేర్చుకుంటాం, కాగితాల సంగతి తర్వాత చూస్తాం అన్నాను. తడుముకోకుండా అన్నాను. ఆమె రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. మా కార్యదర్శి కొట్టింది. తలుపు దగ్గర సాహెబ్ కూడా కొట్టాడు. తర్వాత వచ్చిన సర్టిఫికెట్టును ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించాడు ఆ మహానుభావుడు. దాని కింద కూర్చుని నేను ఎన్నోసార్లు సంతకాలు పెట్టాను.

మర్నాడు ఆ పిల్ల పేరు రాయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. పిల్ల రాలేదు. మూడో రోజు వాళ్ల గదికి వెళితే తాళం ఉంది. పక్కింటివాళ్లు చెబితే ఖాతాకు వెళ్లాను. కండెలు చుట్టే మిషన్ల వరసలో మూడో దాని దగ్గర నిలబడి ఉంది. తల్లి నన్ను చూసి బయటికొచ్చింది. మొదటి వారమంతా రోజూ బడి బట్టలేసుకుని కూర్చునేదనీ, రెండో వారం తండ్రి తీసుకొచ్చేశాడనీ చెప్పింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత వాళ్లింటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, వాళ్ల నాన్నతో ఎంత గొడవపడ్డానో లెక్కలేదు. ఆ పిల్ల బడికి రాలేదు.

నేను ఖాతాకు వెళ్లిన ఆ రోజు మాత్రం మిషను ఆపి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. జుట్టు నిండా నూలు పోగులు. నేనింకా నోరు తెరవకముందే అడిగింది.

"మేడమ్, మీ చైనా అయిపోయిందా? మంచిగయిందా?"

మంచిగానే అయిందమ్మా అన్నాను.