రెండు ఫెర్న్ కుండీలు, ఒక తీర్పు

ఏ మొక్క కనిపించినా ఆకు తిరగేసి చూడందే అడుగు ముందుకు వేయని రోజులు కొన్ని నా జీవితంలో ఉన్నాయి. ఢిల్లీలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ ముగించి, ఫెర్న్ మొక్కల మీద పరిశోధనకు కొత్తగా చేరాను. బేర్ సరాయ్‌లో, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గదిలో ఉంటూ, మెస్సులో రాజ్మా తింటూ, మెడలో తాడుకు భూతద్దం వేలాడేసుకుని తిరిగేదాన్ని. (పక్క గది అమ్మాయి అది కొత్త రకం లాకెట్ అనుకుని ఎక్కడ కొన్నావని అడిగింది.) పువ్వూ కాయా లేని ఫెర్న్‌లలో ఒకదాన్ని దాని దగ్గరి చుట్టం నుంచి వేరు చేయడంలో నా అంతటిది లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించే అవకాశం ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండగా, ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి పిన్ని ఫోన్ చేసింది.

"అమ్మాయీ, నీ భూతద్దం తీసుకుని రా. ఎదురింటి అక్కావాళ్ళు ఆదివారం ఘాజియాబాద్ వెళ్ళిపోతున్నారు. నా మొక్క పట్టుకుపోయేలా ఉంది."

పిన్ని ఆసుపత్రిలో నర్సు, మాది కాకినాడ వైపు. ఎదురింటావిడను అందరం నిజామాబాద్ ఆంటీ అనేవాళ్ళం. ఇద్దరూ ఏళ్ళ తరబడి సాయంత్రం టీ కలిసి తాగినవాళ్ళు. అంకుల్ రిటైరయ్యారు కాబట్టి ఆంటీవాళ్ళు క్వార్టర్ ఖాళీ చేయాలి. అంతకు ముందు బిల్డింగుకు సున్నాలు వేసే పనివాళ్ళు వచ్చి ఇద్దరి ఫెర్న్ కుండీలనూ కింద ఎండలో పెట్టారు, వాటి మీదా కాస్త సున్నం చల్లారు. నీళ్ళు పోయడం అందరూ మరిచిపోయారు. తిరిగి పైకి తెచ్చేసరికి ఏ కుండీ ఎవరిదో తెలియదు. ఒకటి పచ్చగా ఉంది, ఒకటి ఎండి చీపురులా ఉంది. పచ్చనిది నాదంటే నాదని ఇద్దరూ మాటలు మానేశారు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళేసరికి కింద సామాను టెంపో ఆగి ఉంది. రెండు గుమ్మాల మధ్య నేల మీద కుండీలు పెట్టుకుని కూర్చున్నాను. ముందుగా ఆకు తిరగేసి, వెనక ఉన్న గోధుమ రంగు చుక్కలు చూపించాను. "ఇవి తెగులు కాదు, ఫెర్న్ విత్తనాల్లాంటి సిద్ధబీజాల గుంపులు. ఒక్కోదాని మీద మూత చూడండి, అచ్చం మూత్రపిండంలా ఉంటుంది."

"కిడ్నీయా?" అని పిన్ని ముచ్చటపడి వంగింది. "అవునే. నా మొక్కే అయ్యుంటుంది."

తీరా చూస్తే రెండింటికీ కిడ్నీలే. (ఆ ఫెర్న్ కుటుంబంలో అందరికీ అంతే, నాకు తెలిసి ఉండాల్సింది.) చిట్టి ఆకుల కొనలు ఒకదానికి గుండ్రం, రెండోదానికి మొన అని చెబుదామంటే, ఎండినదాని ఆకులు ముడుచుకుపోయి ఏ కొనా తెలియడం లేదు. ఇక వేళ్ళే దిక్కు. మట్టి తవ్వితే పచ్చనిదాని వేళ్ళకు బఠాణీ గింజల్లాంటి గుండ్రని దుంపలు కనిపించాయి. నీళ్ళు దాచుకునేది అక్కడే, అందుకే ఎండకు తట్టుకుంది. రెండోదానికి ఒక్క దుంపా లేదు. కిందటేడు పిన్ని తన కుండీలోంచి పీకి ఇచ్చిన పిలక నా గదిలో పెరుగు డబ్బాలో ఉంటే వెంట తెచ్చాను. దాన్ని లాగి చూస్తే దానికీ దుంపలు లేవు.

"పిన్నీ, ఎండింది మీది. పచ్చనిది ఆంటీది," అన్నాను, మెచ్చుకోలు కోసం ఆగి.

ఎవరూ మెచ్చుకోలేదు. పిన్ని కొంగుతో కుండీ మీది సున్నం తుడుస్తూ, "సరే, ఆవిడదే అయితే తీసుకెళ్ళనీ. అన్నీ తీసుకెళ్తున్నారుగా," అంది. నేను మాత్రం దుంపల గురించి మిగిలిన సంగతులు చెప్పడం మొదలుపెట్టాను.

ఆంటీ లోపలికి వెళ్ళి, ఇంకా కట్టని గిన్నె వెతికి టీ పెట్టుకొచ్చింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని తాగారు. కింద టెంపో భయ్యా హారన్ కొట్టాడు. ఆంటీ లేచి, ఎండిన కుండీని చంకనెత్తుకుంది.

"ఆంటీ, అది మీది కాదు," అన్నాను.

"నాకెర్కె బిడ్డా. మట్టి తవ్వకముందే ఎర్కె."

"మరి..."

"గా పచ్చది మంచిగున్నది, దానికేం ఫికర్ లేదు, ఈడ ఉంటది. ఇది బతకాల్నంటే ఎన్ని నీళ్ళు పొయ్యాలె, ఎండల పెట్టాల్నా వద్దా, అన్నీ మీ పిన్నినే అడగాలె. రోజు ఫోన్ చేస్త," అని పిన్ని వైపు తిరిగి, "ఎత్తుతవు గద చెల్లె?" అంది.

పిన్ని తలూపింది.

అంత కచ్చితంగా ఇచ్చిన తీర్పు నా కళ్ళ ముందే తలకిందులు కావడం నేను భరించలేకపోయాను. ఇప్పుడు తలుచుకుంటే, చేతుల నిండా మట్టితో, మెడలో భూతద్దం ఊగుతుండగా, "కనీసం పేరు రాసిన చీటీ అయినా కట్టనివ్వండి ఆంటీ" అంటూ టెంపో వెనక పరుగెత్తిన ఆ అమ్మాయిని పట్టి ఆపి, కాసేపు ఊరుకోమ్మా అని చెప్పాలనిపిస్తుంది. వినదని నాకు తెలుసు.