మడమ కింద కాగితం

మా ఫిజియోథెరపీ అక్క పోయిందని నా భార్య వచ్చి చెప్పేసరికి నేను గోడ పట్టుకుని, ఆమె నేర్పిన వ్యాయామమే చేస్తున్నాను. గుండెపోటట. నిన్ననేగా నన్ను తిట్టింది! వ్యాయామం ఆపాలో, పూర్తి చెయ్యాలో తోచలేదు.

బండి మీది నుంచి పడి చీలమండ విరిగితే ఆపరేషన్ చేశారు. ఎముక అతికింది గాని కీలు బిగుసుకుపోయింది. మీలో ఎవరికైనా ఇట్లా అయి ఉంటే ఆ నొప్పి తెలుస్తుంది. మడమ నేలకు ఆనించి గొంతుక్కూర్చోగలిగితేనే మళ్లీ బొగ్గుబాయిలో డ్యూటీ. బాయి దిగడం తప్ప నాకింకో పని రాదు. అదే నా భయం.

అక్క మా వెనక క్వార్టర్‌లోనే ఉండేది. దవాఖానలో చేయించింది చాలదని సాయంత్రం మా ఇంటికీ వచ్చేది. నేను గొంతుక్కూర్చోగానే మడమ కింద పెట్టిన పేపరు ముక్కను లాగేది. ఊడి వస్తే, "మడిమె లేసింది తమ్మీ. నన్నే మోసం జేస్తవా? మళ్ల కూసో" అనేది. మూలిగితే, "నొప్పి నీదే, కాలు మాత్రం నాది" అని నవ్వేది.

మా అమ్మేమో కాలు కదిపితే ఎముక జరుగుతుందని మొత్తుకునేది. తిట్టుకుంటూనే అక్కకు చాయ్ ఇచ్చేది. అక్క సాసర్‌లో పోసుకుని, "అవ్వా, ఈ కాలి మొండితనం నీదే" అనేది. ఎవరి మాట వినాలో నాకు అర్థమయ్యేది కాదు. అక్క మీద కోపం, అక్క వస్తే ధైర్యం, రెండూ ఒకేసారి ఉండేవి. ఆమె రుణం నాకు తీరదు. ఆ మాటా ఆమెతో ఎన్నడూ అనలేదు.

గోదావరి ఒడ్డుకు పోయే దారిలో పాడె దించారు. పోయినవాళ్లను చెవి దగ్గర మూడుసార్లు పిలిచే చోటు అది. అక్కకు అన్నదమ్ములు లేరు. "నిన్ను తమ్మీ అని పిలుస్తుండె గద, నువ్వే పిలువు" అన్నాడు ఆమె భర్త. గబుక్కున పక్కన గొంతుక్కూర్చున్నాను. "అక్కా" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి పిలిచాక ఎందుకు ఆగి చూశానో తెలియదు.

పాడె ఎత్తబోయారు. కప్పిన చీర అంచు బిగుసుకుంది.

"అన్నా, చీర మీద కాలున్నది, తియ్యి" అన్నారెవరో.

కిందికి చూశాను. ఆపరేషన్ అయిన కాలు. చీర అంచు మడమ కింద ఉంది. లాగారు. ఊడి రాలేదు.

"మడిమె లేవలేదక్కా" అన్నాను.

కాలు తియ్యమని మళ్లీ అంటున్నారు.